నీళ్లు మింగిన ఇంజిన్: బోరోస్కోపు, కంప్రెషన్ గేజి, డయల్ గేజి... ఏది ఎంతవరకు పట్టిస్తుంది?

లోతు నీళ్లలో ఆగిపోయిన కారు గ్యారేజీకి చేరాక ముందుగా తేలాల్సింది ఒక్కటే: పిస్టన్‌ను క్రాంకుకు (ఇంజిన్లో గుండ్రంగా తిరిగే ఇరుసుకు) కలిపే కనెక్టింగ్ రాడ్ వంగిందా, లేదా? తడిసిన సెన్సార్లు, పాలకాఫీ రంగుకు తిరిగిన ఆయిల్, నీళ్లు పీల్చిన కార్పెట్లు... ఇవన్నీ ఓపికతోనో ఖర్చుతోనో దారికొచ్చేవే. రాడ్ వంగితే మాత్రం ఇంజిన్ విప్పాల్సిందే. చిక్కేమిటంటే, వంగిన రాడ్‌తో కూడా చాలా ఇంజిన్లు స్టార్టవుతాయి, ఐడిలింగ్‌లో మామూలుగానే తిరుగుతాయి. కొన్ని వారాలకో, కొన్ని వేల కిలోమీటర్లకో ఆ రాడ్ విరిగి బ్లాకు గోడను పొడుచుకుని బయటికొస్తుంది. కాబట్టి "స్టార్టయింది కదా, ఏమీ కాలేదులే" అన్న మాటను పరీక్ష కింద లెక్కేయకూడదు.

ఈ పనికి వాడే పరికరాలను ఆ ఒక్క ప్రశ్న దగ్గరే నిలబెట్టి చూశాం. ఇది ఫలానా కంపెనీ సరుకు మీద తీర్పు కాదు. ఏ రకం పరికరం ఏం చూపిస్తుంది, ఎక్కడ మోసపోతాం, కొనేటప్పుడు ఏం చూసుకోవాలి అన్నదే ఇక్కడి విషయం.

ముందు చిన్న లెక్క

బోరు (సిలిండర్ వ్యాసం) 86 మి.మీ., స్ట్రోకు (పిస్టన్ కదిలే దూరం) 86 మి.మీ. ఉన్న 2 లీటర్ల నాలుగు సిలిండర్ల పెట్రోల్ ఇంజిన్ తీసుకుందాం. ఒక్కో సిలిండర్ 500 సీసీ. కంప్రెషన్ రేషియో (లోపలి గాలి ఎన్నో వంతుకు నలుగుతుందో చెప్పే అంకె) 10 అయితే, పిస్టన్ పూర్తిగా పైకొచ్చాక హెడ్డు (సిలిండర్ పైమూత) కింద మిగిలే చోటు దాదాపు 55 సీసీ. అదే కొలతల డీజిల్ ఇంజిన్, రేషియో 16 అయితే, మిగిలేది 33 సీసీ మాత్రమే. గాలిని నొక్కితే చిన్నదవుతుంది, నీరు అవదు. అంటే ఆ డీజిల్ సిలిండర్లోకి 33 మి.లీ.కి మించి, రెండు పెద్ద చెంచాల కంటే కాస్త ఎక్కువ నీరు వెళ్తే చాలు, పిస్టన్ పైకి రాలేదు. ఫ్లైవీల్ వేగం మాత్రం క్రాంకును తోస్తూనే ఉంటుంది. మధ్యలో నలిగేది రాడ్. దీన్నే హైడ్రోలాక్ అంటారు. ఐడిలింగ్‌లో జరిగితే ఇంజిన్ బిగుసుకుని ఆగిపోయి బతికిపోవచ్చు. యాక్సిలరేటర్ తొక్కి 3000 ఆర్‌పీఎం మీద ఉన్నప్పుడు జరిగితే బతికే అవకాశం తక్కువ.

ఈ 55, 33 అంకెలను గుర్తుపెట్టుకోండి. గేజిల దగ్గర మళ్లీ అవసరం పడతాయి.

ఏ పరికరం ముట్టుకునే ముందైనా

సెల్ఫ్ కొట్టకూడదు. ఒక్కసారి చూద్దామన్న ఆలోచన కూడా వద్దు. అప్పటిదాకా బాగున్న రాడ్‌ను సెల్ఫ్ మోటారే వంచేసే ప్రమాదం ఉంది. బ్యాటరీ నెగటివ్ తీసేయాలి. హైబ్రిడ్ బండి అయితే ఇంజిన్ తనంతట తాను తిరిగే వీలుంటుంది, నారింజ రంగు కేబుళ్లలో హై వోల్టేజీ ఉంటుంది. ఆ శిక్షణ ఉన్నవాళ్లు తప్ప దాన్ని తాకకూడదు.

తర్వాత ఎయిర్ ఫిల్టర్ డబ్బా తెరవండి. ఫిల్టర్ ఒక్కటే చూసి వదిలేయకండి. రెండు మూడు రోజులు నిలిచిన బండిలో కాగితం ఆరిపోయి ఉంటుంది. ముడతలు, మట్టి గీత మాత్రం మిగులుతాయి. అంతకంటే ముఖ్యమైన చోటు ఫిల్టర్ దాటాక థ్రాటిల్ (ఇంజిన్లోకి వెళ్లే గాలిని అదుపుచేసే తలుపు) వైపు వెళ్లే గొట్టం. వేలికి తెల్ల గుడ్డ చుట్టి లోపలి అడుగున తుడవండి. అక్కడ బురద గానీ నీటి చుక్క గానీ తగిలితే నీళ్లు ఇంజిన్ దాకా దారి చేసుకున్నాయనే అర్థం. టర్బో బండిలో ఇంటర్‌కూలర్ కింది గొట్టం కూడా ఊడదీయాలి. గాలిదారిలో పల్లం అదే, నీళ్లు అక్కడ నిలుస్తాయి. ఇది మరిచిపోయి, మిగతాదంతా సరిచేసి స్టార్ట్ చేస్తే, ఆ నిలవ నీరు రెండో హైడ్రోలాక్ తెస్తుంది. ఆయిల్ నమూనా కూడా ఇంజిన్ తిప్పకముందే పట్టాలి, ఎలాగో కింద ఆయిల్ భాగంలో ఉంది.

బ్రేకర్ బార్: అన్నిటికంటే ముందు, అన్నిటికంటే నమ్మకంగా

పొడవాటి పిడి, క్రాంక్ పుల్లీ బోల్టుకు సరిపోయే సాకెట్. అంతే. స్పార్క్ ప్లగ్‌లన్నీ విప్పి, ఫ్యూయల్ పంపు రిలే తీసి, ఇగ్నిషన్ కాయిల్స్ కనెక్టర్లు ఊడదీసి ఉంచాక, ఇంజిన్ మామూలుగా తిరిగే దిశలోనే రెండు పూర్తి చుట్లు చేత్తో తిప్పాలి. ఎక్కువ ఇంజిన్లకు అది పుల్లీ వైపు నుంచి చూస్తే కుడివైపు. మీ ఇంజిన్‌కు ఏ దిశో మాన్యువల్‌లో చూసి నిర్ధారించుకోండి. వెనక్కి తిప్పితే టైమింగ్ చైన్ టెన్షనర్ మీద భారం పడుతుంది.

ప్లగ్‌లు లేనప్పుడు చేతికి తగిలే బరువు అంతటా ఒకేలా ఉండాలి. ఒకచోట రాయిలా ఆగితే బలవంతం చేయకూడదు. ప్లగ్ రంధ్రంలోంచి నీటికి దారి ఉన్నా ఆగుతోందంటే, లోహం లోహానికి తగులుతోందన్నమాట. ఆగిన చోట క్రాంకు ఏ కోణంలో ఉందో పుల్లీ మీద సుద్దతో గుర్తుపెట్టండి. ఏదో ఒక పిస్టన్ పూర్తిగా కిందికి దిగినప్పుడే ఆగుతుంటే, వంగి పొట్టిదైన రాడ్ వల్ల పిస్టన్ స్కర్టు (కింది అంచు) క్రాంకు మీది బరువు దిమ్మెకు (కౌంటర్‌వెయిట్‌కు) తగులుతోందని గట్టిగా అనుమానించాలి. అక్కడితో పరీక్షలు ముగిసినట్టే, ఇంజిన్ విప్పడమే మిగిలింది.

సాఫీగా తిరిగితే, బ్యాటరీ కలిపి, ప్లగ్‌లు లేకుండానే సెల్ఫ్ 5 సెకన్లు కొట్టొచ్చు. రంధ్రాల మీద పాత గుడ్డ కప్పి, ముఖం దూరంగా పెట్టండి. నీరు పిచికారీలా చిమ్ముతుంది. అయినా గుంట ఉన్న పిస్టన్‌లో కొంత మిగిలిపోతుంది. 50 మి.లీ. సిరంజికి సన్న గొట్టం తొడిగి దాన్ని పీల్చేయాలి. ఈ చివరి చెంచాడు నీటిని అశ్రద్ధ చేస్తే ఏమవుతుందో కంప్రెషన్ గేజి దగ్గర చూద్దాం.

బోరోస్కోపు: కొనేముందు చాలా చూసుకోవాలి

ప్లగ్ రంధ్రంలోంచి దింపే కెమెరా ఇది. నాలుగు సంగతులు చూసుకోకుండా కొంటే అలంకారానికి తప్ప పనికిరాదు.

మొదటిది తల లావు. 14 మి.మీ. ప్లగ్ రంధ్రంలో 8 మి.మీ. తల హాయిగా దిగుతుంది. కొత్త ఇంజిన్లలో 12 మి.మీ., కొన్నింట్లో 10 మి.మీ. మరలు వస్తున్నాయి. మరల లోపలి కొలత అంతకన్నా తక్కువ కాబట్టి 5.5 మి.మీ. తలే క్షేమం. డీజిల్‌లో గ్లో ప్లగ్ (చల్లని ఇంజిన్ స్టార్టయ్యేందుకు వేడి ఇచ్చే ప్లగ్) దారి ఇంకా సన్నం, అక్కడ 3.9 మి.మీ. తల ఉన్నదే దిగుతుంది.

రెండోది మెడ తిరగడం. మెడ తిరగని కెమెరా పిస్టన్ నెత్తిని తప్ప మరేమీ చూపదు. మనకు కావాల్సింది సిలిండర్ గోడ, వాల్వులు. చిన్న అద్దం తగిలించుకునే రకాలు ఉన్నాయి గానీ, ఆ అద్దం సిలిండర్లో ఊడిపడితే కొత్త తలనొప్పి, వాటిని సిఫారసు చేయం. పక్కకు చూసే రెండో లెన్సు ఉన్నవి ఫర్వాలేదు. పిడి మీది చక్రంతో మెడ వంచే రకం అన్నిటికన్నా మేలు, కాకపోతే దాని తల 6 మి.మీ. పైనే ఉండటం మామూలు.

మూడోది ఫోకస్ దూరం. పెట్టె మీద రాసే పిక్సెళ్ల సంఖ్య కన్నా ఇది ముఖ్యం. 86 మి.మీ. బోరు మధ్యలో నిలిపిన తలకు గోడ నాలుగు సెంటీమీటర్ల దూరంలోనే ఉంటుంది. 2 నుంచి 8 సెంటీమీటర్ల మధ్య స్పష్టంగా చూపేది కావాలి. దూరపు ఫోకస్ ఉన్నవాటిలో గోడ మబ్బుగా కనబడుతుంది, మబ్బులో గీతలు దాక్కుంటాయి. నాలుగోది లైటు తగ్గించుకునే మీట. తడి అల్యూమినియం మీద పూర్తి వెలుగు పడితే తెల్లటి మెరుపు తప్ప ఏమీ కనబడదు.

ఇక లోపల ఏం చూడాలి? ముందు నాలుగు పిస్టన్ల నెత్తులు. మూడు మసి నల్లగా ఉండి ఒకటి మాత్రం కడిగినట్టు బూడిదరంగులో మెరుస్తుంటే, నీరు ఆ సిలిండర్లోకి వెళ్లి ఆవిరై మసిని ఊడగొట్టిందని అర్థం. తర్వాత గోడ మీద అడ్డంగా సన్నని తుప్పు గీత ఉందేమో చూడండి. నీరు నిలిచిన మట్టం అదే. నిలువు గీతలుంటే ఇసుక, మట్టి రింగుల మధ్య నలిగిందన్నమాట. వాల్వు సీట్ల మీద ఎర్రటి పొడి కనబడితే తుప్పు మొదలైంది.

ఆ తర్వాత అసలైన చూపు. పిస్టన్‌ను పూర్తిగా పైకి తెచ్చి, కెమెరా మెడను గోడవైపు తిప్పండి. సిలిండర్ పై అంచున, పై రింగు చేరని చోట, నల్లటి మసి పట్టీ ఒకటి ఉంటుంది. ప్రతి సిలిండర్లోనూ పిస్టన్ నెత్తి ఆ పట్టీకి ఒకే ఎత్తులో ఆగాలి. ఒక సిలిండర్లో మాత్రం పిస్టన్ కాస్త దిగువనే ఆగి, నెత్తికి పైన గోడ ఎక్కువగా కనబడితే రాడ్ పొట్టిదైంది. సంఘటన తర్వాత కూడా బండి కొంతకాలం తిరిగి ఉంటే ఇంకా తేలిగ్గా దొరుకుతుంది: పాత మసి అంచు కింద, కొత్తగా రింగు తుడవడం మానేసిన సన్న పట్టీ మరో రంగులో ఉంటుంది. ఒకే గోడ మీద రెండు అంచులు. పాత బండి కొనేవాళ్లు చూసుకోవాల్సిన గుర్తుల్లో ఇది మొదటిది.

కెమెరా లోపం ఒక్కటే, కొలత ఇవ్వదు. ఒక మి.మీ. తేడాను కన్ను పడుతుంది, అర మి.మీ.ను పట్టలేదు. ఇంజిన్ పూర్తిగా చల్లారాకే దింపండి, వేడికి కెమెరా తల పాడవుతుంది.

కంప్రెషన్ గేజి: అందరూ నమ్మేది, అంతగా నమ్మకూడనిది

పిస్టన్ గాలిని నొక్కినప్పుడు సిలిండర్లో ఎంత ఒత్తిడి వస్తోందో చూపేది ఇది. ప్లగ్‌లన్నీ తీసి, థ్రాటిల్ పూర్తిగా తెరిచి, నిండుగా చార్జయిన బ్యాటరీతో ఒక్కో సిలిండర్‌కు ఆరు నుంచి ఎనిమిది కంప్రెషన్లు వచ్చేదాకా సెల్ఫ్ కొట్టి చదవాలి. పెట్రోల్‌కు 20 బార్ల గేజి చాలు. డీజిల్‌కు 70 బార్లది కావాలి, పెట్రోల్ గేజి పెడితే పగిలిపోతుంది.

సాధారణంగా చెప్పే నియమం: అన్నిటికన్నా తక్కువ అంకె, ఎక్కువ అంకెలో 75 శాతానికి తగ్గకపోతే ఇంజిన్ బాగున్నట్టు. అరిగిన రింగులకు ఇది సరే. నీళ్లు మింగిన ఇంజిన్‌కు ఇదే నియమం వాడితే తప్పు తీర్పు వస్తుంది. లెక్క వేసి చూద్దాం. మన ఉదాహరణలోని పెట్రోల్ ఇంజిన్లో రాడ్ ఒక మి.మీ. పొట్టిదైతే, పిస్టన్ పైన మరో 5.8 సీసీ చోటు పెరుగుతుంది. 55 కాస్తా 61 అవుతుంది. రేషియో 10 నుంచి 9.15కు పడుతుంది. గేజిలో తగ్గేది సుమారు 11 శాతం. అంటే నియమం ప్రకారం "పాస్"! అర మి.మీ. పొట్టిదైతే తగ్గేది 6 శాతమే, అది బాగున్న ఇంజిన్లలోనూ సిలిండర్ల మధ్య కనబడే తేడా.

డీజిల్‌లో ఇదే గేజి ఎక్కువ ఉపయోగం. అక్కడ 33 సీసీకి 5.8 కలవడమంటే పెద్ద మార్పు. రేషియో 16 నుంచి 13.8కి దిగి, గేజి దాదాపు 18 శాతం తగ్గి చూపుతుంది. మూడు సిలిండర్లు దగ్గర దగ్గరగా ఉండి నాలుగోది ఇలా వెనకబడితే, 75 శాతం నియమాన్ని పక్కనపెట్టి రాడ్‌నే అనుమానించాలి.

ఇంకో ఉచ్చు ఉంది, తెలిసినవాళ్లు కూడా ఇందులో పడతారు. తుప్పు పట్టకుండా సిలిండర్లో 5 నుంచి 10 మి.లీ. ఆయిల్ పోయడం మంచి పద్ధతే. కానీ ఆ ఆయిల్ లోపల ఉండగా కంప్రెషన్ చూస్తే, అది చోటు ఆక్రమిస్తుంది, రింగులను కూడా మూస్తుంది. పైన చెప్పిన ఒక మి.మీ. పొట్టిదనాన్ని దాచడానికి 6 మి.లీ. ఆయిల్ సరిపోతుంది. 6 మి.లీ. నీరు మిగిలినా అంతే. వంగిన రాడ్ ఉన్న సిలిండరే మిగతావాటికి సమానమైన అంకె చూపిస్తుంది. అందుకే నీరంతా పీల్చి, కంప్రెషన్ చూసి, ఆ తర్వాతే ఆయిల్ పోయాలి. ఎవరైనా ముందే పోసేసి ఉంటే, ప్లగ్‌లు లేకుండా సెల్ఫ్ కొట్టి, సిరంజితో గుంట కూడా ఖాళీ చేసి అప్పుడు చూడాలి.

కొనేటప్పుడు హోసు కొసన, ప్లగ్ మర దగ్గరే, వాల్వు ఉన్న గేజి తీసుకోండి. వాల్వు పైన గేజి దగ్గరుంటే హోసులోని ఖాళీ కూడా సిలిండర్‌కు కలిసి అంకె తగ్గుతుంది. ఆ వాల్వు పాడైతే టైరు ట్యూబు వాల్వు వేసేయడం చాలామంది చేసే పని. చూడ్డానికి రెండూ ఒకటే, కానీ టైరుదాని స్ప్రింగు గట్టిది. అది వేసిన గేజి అన్ని సిలిండర్లకూ తక్కువే చూపిస్తుంది.

లీక్‌డౌన్ టెస్టర్: మంచి పరికరం, ఈ ప్రశ్నకు జవాబు లేదు

పిస్టన్‌ను కంప్రెషన్ పైస్థానంలో నిలిపి, క్రాంకు కదలకుండా పట్టి, కంప్రెసర్ గాలి ఎక్కించి ఎంత శాతం కారుతోందో చూసేది. 10 శాతం లోపు బాగు, 20 దాటితే వెతకాలి. థ్రాటిల్లో బుస్సుమంటే ఇన్‌టేక్ వాల్వు, సైలెన్సర్లో అయితే ఎగ్జాస్ట్ వాల్వు, ఆయిల్ మూత దగ్గర అయితే రింగులు, రేడియేటర్లో బుడగలైతే హెడ్ గ్యాస్కెట్. తుప్పు పట్టిన వాల్వు సీటును ఇంతకంటే బాగా పట్టే పరికరం లేదు.

వంగిన రాడ్ విషయంలో మాత్రం ఇది మౌనంగా ఉంటుంది. రాడ్ పొట్టిదైనా రింగులు గోడకు ఆనుకునే ఉంటాయి, గాలి కారదు. "లీక్‌డౌన్ బాగుంది, కాబట్టి ఇంజిన్ బాగుంది" అని రాసిచ్చే రిపోర్టును నీళ్ల కేసులో ఒప్పుకోవద్దు. అయితే ఒక జంట ఫలితం మాత్రం చాలా విలువైనది: కంప్రెషన్ తక్కువ, లీక్‌డౌన్ మంచిది. గాలి ఎక్కడా కారకుండానే ఒత్తిడి తగ్గిందంటే, పిస్టన్ పైకి రావడం లేదన్న అనుమానం బలపడుతుంది.

స్కానర్, కరెంటు క్లాంప్

బండి కంప్యూటర్లోని తప్పుల కోడ్లు చదివే ఓబీడీ స్కానర్, పీ0301 నుంచి పీ0304 దాకా మిస్‌ఫైర్లు (సిలిండర్ సరిగా మండకపోవడం), గాలి సెన్సార్ కోడ్లు చూపుతుంది. ఏదీ రాడ్ గురించి చెప్పదు. దాని అసలు ఉపయోగం ఫ్రీజ్ ఫ్రేమ్ రికార్డు: కోడ్ పడ్డ క్షణంలో ఆర్‌పీఎం ఎంతో అందులో ఉంటుంది. 800 ఉంటే కొంత ఊరట, 3500 ఉంటే అనుమానం పెంచుకోవాలి. కొన్ని బండ్లలో బ్యాటరీ తీస్తే ఈ రికార్డు చెరిగిపోవచ్చు. అయినా సరే, తడి కనెక్టర్లకు కరెంటు ఇవ్వడం కన్నా రికార్డు పోవడమే నయం. ఆసిలోస్కోపుకు క్లాంప్ తగిలించి సెల్ఫ్ లాగే కరెంటు అలలు పోల్చే పద్ధతి వేగంగా అవుతుంది, కానీ 11 శాతం తేడాను ఆ అలల్లో నమ్మకంగా చదవడం కష్టం.

డయల్ గేజి: ఈ సమీక్షలో మొదటి స్థానం దీనిదే

రాడ్ పొట్టిదైందా అన్నదే ప్రశ్న అయినప్పుడు, పిస్టన్ ఎంత పైకొస్తోందో నేరుగా కొలవడం కంటే సూటి దారి లేదు. ప్లగ్ రంధ్రంలో మరతో బిగించే టీడీసీ (పిస్టన్ పూర్తిగా పైకొచ్చే స్థానం) డయల్ గేజి ఇందుకు సరైన వస్తువు. మోటార్‌సైకిళ్ల టైమింగ్ కోసం చేసినవి ఎక్కువగా దొరుకుతాయి, కార్ల ప్లగ్ బావి లోతుకు అవి అందవు. పొడవాటి ఎక్స్‌టెన్షన్, మీ ప్లగ్ మరకు సరిపోయే అడాప్టర్ ఉన్నాయో లేదో చూసే తీసుకోండి. అయస్కాంతపు స్టాండు మీద ఆశ పెట్టుకోవద్దు, అల్యూమినియం హెడ్డుకు అది అతుక్కోదు.

వాడే పద్ధతి తేలికే. గేజి మొన పిస్టన్‌ను తాకేలా బిగించి, బ్రేకర్ బార్‌తో నెమ్మదిగా తిప్పుతూ ముల్లు ఎక్కి, ఆగి, వెనక్కి తిరిగే చోటు పట్టుకోవాలి. ఆ గరిష్ఠం రాసుకోండి. పుల్లీ గుర్తును నమ్మి ఆపితే తప్పు వస్తుంది: మన ఉదాహరణ ఇంజిన్లో 5 డిగ్రీలు తప్పినా పిస్టన్ 0.2 మి.మీ. కిందే ఉంటుంది. ఒక్కో సిలిండర్ మూడుసార్లు కొలవండి. మూడూ కలవకపోతే మొన జారుతోందని అర్థం.

గేజి లేకపోతే నిటారు ఇత్తడి కడ్డీ, వెర్నియర్ లోతు కొలతతో పని నడుస్తుంది. పాత స్పార్క్ ప్లగ్‌లోని పింగాణీ తీసేసి ఆ లోహపు గొట్టాన్ని రంధ్రంలో బిగిస్తే కడ్డీ ఒరగకుండా దిగుతుంది. కడ్డీ పై కొస ఎప్పుడూ చేతికి అందేంత పొడవుండాలి. సన్నటి కర్రపుల్లలు వాడొద్దు, విరిగి లోపల పడతాయి. కొలతకు ఆధారంగా ప్లాస్టిక్ వాల్వు కవరును తీసుకోవద్దు. నొక్కితే అది కుంగుతుంది, మనం వెతుకుతున్న తేడా అక్కడే మాయమవుతుంది.

అంకెలు ఎలా చదవాలి? నాలుగు సిలిండర్లూ 0.2 మి.మీ. లోపు కలిస్తే దాన్ని మసి తేడాగా తీసుకోవచ్చు. నీటితో కడుక్కుపోయిన పిస్టన్ మీద మసి పొర ఉండదు కాబట్టి అదొక్కటే కాస్త దిగువన కనబడటం సహజమే. 0.3 దాటితే బోరోస్కోపుతో చూస్తూ మొన ఎక్కడ తాకుతోందో సరిచూసి మళ్లీ కొలవండి, నెత్తి మీది వాల్వు గుంటలో మొన పడి ఉండొచ్చు. 0.5 దాటి, మూడుసార్లూ అదే వస్తే హెడ్డు దించమనే మా సలహా.

దీనికీ ఒక గుడ్డి మచ్చ ఉంది. 145 మి.మీ. పొడవున్న రాడ్ విల్లులా వంగి మధ్యలో 3 మి.మీ. పక్కకు పోయిందనుకోండి. లెక్క వేస్తే పొడవులో తగ్గేది 0.17 మి.మీ. మాత్రమే! 5 మి.మీ. పక్కకు పోతేనే అర మి.మీ. దగ్గరికి వస్తుంది. అంటే కంటికి కొట్టొచ్చినట్టు వంగిన రాడ్ కూడా డయల్ గేజి పరీక్షలో "మసి తేడా" అనిపించుకుని తప్పించుకోగలదు. అందుకే ఇంజిన్ వేగంలో ఉండగా దబ్బున ఆగిన బండికి, కొలత బాగా వచ్చినా, ఆయిల్ చాంబర్ దించి కింది నుంచి రాడ్లను కళ్లారా చూడాలి. దించే ముందు ఒక తేలిక ప్రయత్నం: ఆయిల్ తీశాక 5.5 మి.మీ. బోరోస్కోపును డ్రెయిన్ బోల్టు రంధ్రంలోంచి పైకి పంపండి. అడ్డుగా రేకు లేని ఇంజిన్లలో, క్రాంకు తిప్పుతూ ఒక్కో రాడ్ పక్కవాటం చూడొచ్చు.

డీజిల్‌లో ఈ పరికరం ఇబ్బంది పెడుతుంది. గ్లో ప్లగ్ దారి ఏటవాలు, పిస్టన్ నెత్తిన పెద్ద గిన్నె లాంటి గుంట. మొన ఆ గుంట వాలులో పడితే అంకెకు అర్థం ఉండదు. ఇంజెక్టర్లు తీయాలంటే కొత్త రాగి వాషర్లు తప్పనిసరి, చాలా ఇంజిన్లలో హై ప్రెషర్ పైపులు కూడా మార్చాలి. అందువల్ల డీజిల్‌కు ముందు 70 బార్ల కంప్రెషన్ గేజి, తేడా కనబడితే ఇంజెక్టర్లు తీసి కొలత. గ్లో ప్లగ్‌లను చల్లని ఇంజిన్లో మొరటుగా విప్పితే విరిగి హెడ్డులోనే ఉండిపోతాయి. చొచ్చుకుపోయే నూనె వేసి, రాత్రంతా వదిలి, కొద్దికొద్దిగా ముందుకూ వెనక్కూ ఆడిస్తూ తీయాలి.

ఆయిల్‌కి పారదర్శకమైన సీసా చాలు

ఆయిల్ పరీక్షకు ప్రత్యేక కిట్లు అమ్ముతారు. ఈ కేసులో అవసరం లేదు. బండిని సమతలం మీద కొన్ని గంటలు కదపకుండా ఉంచి, ఇంజిన్ తిప్పకముందే డ్రెయిన్ బోల్టును పూర్తిగా తీయకుండా వదులు చేయండి. నీరు ఆయిల్ కన్నా బరువు, చాంబర్ అడుగున అదే ఉంటుంది. మొదటి 100 మి.లీ. పారదర్శకమైన సీసాలో పట్టండి. నీరు చేరాక ఇంజిన్ తిరగకపోతే ముందు బురద రంగు చుక్కలు టపటపా రాలి, తర్వాత ధార చిక్కబడి నల్లబడుతుంది. సీసాను నిలబెడితే కింద నీరు, పైన ఆయిల్, మధ్య గీత స్పష్టంగా తేలుతుంది. ధార మొదటి నుంచే పాలకాఫీలా వస్తే, నీరు చేరాక కూడా ఇంజిన్ తిరిగింది. అప్పుడు బేరింగులను కూడా అనుమానించాలి.

ఆయిల్ మూత అడుగున మాత్రమే మీగడ లాంటి పూత ఉండి, డిప్‌స్టిక్ మీద ఆయిల్ శుభ్రంగా ఉంటే, దగ్గరి ప్రయాణాలకు చేరిన చెమ్మ కావొచ్చు. కూలెంట్ మట్టం కూడా తగ్గి ఉంటే హెడ్ గ్యాస్కెట్ వైపు చూడాలి. కొద్ది నీటిని పట్టాలంటే 150 డిగ్రీల సెల్సియస్ దాకా వేడెక్కిన లోహపు పళ్లెం మీద ఒక చుక్క వేయండి, కంటద్దాలు పెట్టుకుని. నీరుంటే చిటపటలాడుతుంది, లేకపోతే నిశ్శబ్దంగా పరుచుకుంటుంది. గేర్‌బాక్సు, డిఫరెన్షియల్ బ్రీదర్ల (గాలి రంధ్రాల) లోంచి కూడా నీరు వెళ్తుంది, వాటి ఆయిల్ కూడా ఇలాగే చూడండి.

ఏం కొనాలి

సొంతంగా పెట్రోల్ బండి చూసుకునేవాళ్లకు బ్రేకర్ బార్, మెడ తిరిగే బోరోస్కోపు, పొడవాటి మొన ఉన్న డయల్ గేజి. ఈ మూడూ చాలు, వాడాల్సింది కూడా ఈ వరసలోనే. డీజిల్ అయితే డయల్ గేజి బదులు 70 బార్ల కంప్రెషన్ గేజి. లీక్‌డౌన్ టెస్టర్ గ్యారేజీలకు వదిలేయండి. వేరేవాళ్ల చేత చేయిస్తుంటే ఈ మూడు అడగండి: నాలుగు సిలిండర్ల పిస్టన్ ఎత్తులు మి.మీ.లలో, ప్రతి సిలిండర్ పై అంచు ఫొటో, కంప్రెషన్ అంకెలతో పాటు అప్పటికి సిలిండర్లో ఆయిల్ పోశారా లేదా అన్న వివరం. "చూశాం, బాగుంది" అన్న రిపోర్టుకు డబ్బు కట్టొద్దు.

అన్నీ దాటిన ఇంజిన్‌కు కొత్త ఆయిల్, కొత్త ఆయిల్ ఫిల్టర్, కొత్త ఎయిర్ ఫిల్టర్ వేసి, గేరు వేయకుండా పది నిమిషాలు ఐడిలింగ్‌లో తిప్పి ఆపండి. ఆ ఆయిల్ మళ్లీ సీసాలో పట్టి చూసి, మబ్బుగా ఉంటే మళ్లీ మార్చండి. రెండు వందల కిలోమీటర్లు నెమ్మదిగా తిరిగాక బోరోస్కోపును మరోసారి దింపి, ప్రతి సిలిండర్ పై అంచున మసి పట్టీ ఒకటే ఉందో, దాని కింద రెండో అంచు మొదలవుతోందో చూడండి.